నా గుండె ఎవరి కోసం?

పాప పుట్టిన పన్నెండో రాత్రి. మూడింటికి పాలిచ్చి, పడుకోబెట్టి, పక్కకి ఒత్తిగిలాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఒక దెబ్బ తప్పినట్టు, వెంటనే రెండు కలిపి కొట్టినట్టు. దిండుకి ఆనించిన చెవిలో అదే చప్పుడు. లేచి కూర్చున్నాను. ఎవర్ని లేపాలి? లేపి ఏమని చెప్పాలి?

తెల్లారాక అమ్మతో అంటే "పచ్చి బాలింతవి, నిద్ర లేదు, అలాగే ఉంటుందిలే" అంది. అత్తయ్య "అంత ఆలోచన పెట్టుకోకమ్మా, పాలు పడవు" అన్నారు. కుట్లు చూపించుకోడానికి వెళ్తే డాక్టరమ్మ "టెన్షన్ పడుతున్నావు" అంది. అందరూ ప్రేమగానే అన్నారు. ఒక్కరూ నా చెయ్యి పట్టుకుని నాడి చూడలేదు.

నిజమే, బాలింతకి వచ్చే దడ చాలాసార్లు ప్రమాదం లేనిదే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం దాకా పెరుగుతుంది. కాన్పయ్యాక అదంతా సర్దుకోడానికి కొన్ని వారాలు పడుతుంది. నిద్రలేమి, దిగులు కూడా దడ పుట్టిస్తాయి. కానీ రక్తహీనత, కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు, అరుదుగా గుండె కండరమే బలహీనపడే పెరిపార్టమ్ కార్డియోమయోపతీ కూడా ఇలాగే బయటపడొచ్చు. ఆయాసం, కాళ్ల వాపు, నీరసం ఈ చివరి జబ్బు గుర్తులు. "బాలింతలకి మామూలే" అనే జాబితాలోనూ ఉన్నవి అవే. తేడా తెలియాలంటే పరీక్ష చెయ్యాలి. పరీక్ష చెయ్యాలంటే ముందు ఆమె మాట నమ్మాలి.

చెప్పేది ఎవరన్నదాన్ని బట్టి మాట విలువ తగ్గించడాన్ని మిరాండా ఫ్రికర్ 2007లో తన పుస్తకంలో జ్ఞానపరమైన అన్యాయం అంది. 2017లో సిజేరియన్ అయిన మర్నాడు సెరెనా విలియమ్స్ తనకి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకడుతోందని చెబితే, నొప్పి మందులకి తికమకపడుతోందనుకుంది నర్సు. ఆ జబ్బు ఆమెకి కొత్త కాదు. పట్టుబట్టి స్కాన్ చేయించుకుంటే గడ్డలు కనబడ్డాయి. అంత పేరున్న మనిషే పట్టుబట్టాల్సి వచ్చింది.

నేను పట్టుబట్టలేదు. వాదన మార్చాను. "నాకేమన్నా అయితే పాపకి పాలెవరిస్తారు?" అన్నాను. ఆ సాయంత్రమే కారు తీశారు. ఇ.సి.జి., ఎకో, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి. గుండె బాగానే ఉంది. హిమోగ్లోబిన్ ఎనిమిది. "చూశావా, ఏమీ లేదు" అన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. సగానికి పైగా ఉన్నదాన్ని "ఏమీ లేదు" అనడం మనకి అలవాటైపోయింది.

నన్ను ఇప్పటికీ బాధించేది వాళ్ల మాట కాదు, నా మాట. నా ప్రాణం కాపాడమని అడగడానికి బిడ్డని అడ్డం పెట్టుకున్నాను. "నాకు భయంగా ఉంది, నేను బతకాలి" అని ఎందుకు అనలేకపోయాను? అలా అంటే స్వార్థమని నాకే అనిపించింది. మంచి తల్లి తన గుండె చప్పుడు వినకూడదని ఎవరూ నాకు నేర్పలేదు, అయినా వచ్చేసింది. అలాంటప్పుడు బిడ్డ దక్కని బాలింత ఏ కారణం చూపించి కారు తీయించుకుంటుంది?

పరీక్షల్లో ఏమీ తేలకపోయినా నా భయం అబద్ధమయ్యేది కాదు. నమ్మడమంటే జబ్బుందని ఒప్పుకోవడం కాదు, చూద్దాం పద అనడం.

ఇంటికొచ్చాక ఐరన్ మాత్ర చేతికిస్తూ అమ్మ నెమ్మదిగా అంది, "నువ్వు పుట్టాక నాకూ ఉండేదే దడ."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరడిగారు?"

నేను కూడా అడగలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా.