వుల్ఫ్‌షైమ్ పెట్టిన అన్నం

స్కాట్ ఫిట్జెరాల్డ్ 1925లో ప్రచురించిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవలలో మేయర్ వుల్ఫ్‌షైమ్ మనకు ఎదురుపడేది రెండుసార్లే. మొదట న్యూయార్క్‌లో ఒక మధ్యాహ్న భోజనం దగ్గర, తర్వాత గాట్స్‌బీ హత్య జరిగాక తన ఆఫీసులో. మనుషుల దవడపళ్లతో చేసిన కఫ్ బొత్తాలు పెట్టుకుని, వాటిని చూపించి మురిసిపోతాడు. 1919 బేస్‌బాల్ వరల్డ్ సిరీస్‌ను తారుమారు చేసింది ఇతనేనని గాట్స్‌బీ చెబితే, కథ చెబుతున్న నిక్ నిర్ఘాంతపోతాడు. మరి జైల్లో ఎందుకు లేడు? తెలివైనవాడు, పట్టుబడడు అంటాడు గాట్స్‌బీ.

ఈ పాత్రకు మూలం ఆర్నాల్డ్ రాత్‌స్టీన్ అనే న్యూయార్క్ జూదరి అంటారు. ఆ సిరీస్ వ్యవహారంలో చికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు 8 మంది, 1921లో కోర్టు నిర్దోషులని వదిలేసినా, జన్మంతా ఆటకు దూరమయ్యారు. రాత్‌స్టీన్ మీద అభియోగం కూడా నమోదు కాలేదు.

కానీ నన్ను వదలనిది ఆ జూదం కాదు, ఒక పూట తిండి. మొదటి ప్రపంచయుద్ధం నుంచి వచ్చిన గాట్స్‌బీకి మామూలు బట్టలు కొనుక్కునే స్తోమత లేదు. పతకాలున్న సైనిక దుస్తుల్లోనే తిరుగుతూ, రెండు రోజులుగా కడుపులో ఏమీ లేక, పని అడుగుతూ వచ్చాడు. వుల్ఫ్‌షైమ్ వెంట తీసుకెళ్లి భోజనం పెట్టించాడు. అరగంటలో నాలుగు డాలర్లకు పైగా తిన్నాడట. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. దేశం కోసం పోరాడినవాడి ఆకలి దేశానికి కనబడలేదు, ఒక నేరగాడికి కనబడింది. చూడటానికి పెద్దమనిషిలా ఉన్నాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివానన్నాడు, పనికొస్తాడనుకున్నానని వుల్ఫ్‌షైమ్ దాచకుండా చెబుతాడు. అది దయా, పెట్టుబడా? లెక్క చూసుకుని పెట్టినా ఆకలి తీరిన మాట అబద్ధమవుతుందా? కాదనే నా మనసు చెబుతుంది. ఆ అన్నం గాట్స్‌బీని దొంగసారా వ్యాపారంలోకి దించిందన్నదీ అంతే నిజం.

ఇంకో బాధ ఉంది. ఫిట్జెరాల్డ్ నేరానికి యూదు ముఖం తొడిగాడు. వుల్ఫ్‌షైమ్ ముక్కును పదేపదే వర్ణించాడు, అతని ఉచ్చారణను వెక్కిరించాడు. దక్షిణ, తూర్పు యూరప్ వలసలను బాగా తగ్గించే చట్టం అమెరికా 1924లో చేసింది. ఆ గాలిలో పుట్టిన బొమ్మ ఇది. ఇంత గొప్ప నవలలో ఈ మచ్చను చూడనట్టు నటించడం నాకు చేతకాదు. 2013 సినిమాలో ఈ పాత్రను అమితాబ్ బచ్చన్ పోషించారు. ముక్కు గురించిన వెక్కిరింత లేకుండానే పాత్ర నిలబడింది. అంటే కథకు ఆ వెక్కిరింత ఎన్నడూ అవసరం లేదు.

అంత్యక్రియలకు రమ్మని నిక్ స్వయంగా వెళ్లి అడిగితే వుల్ఫ్‌షైమ్ రాడు. హత్య జరిగిన చోట చిక్కుకోవడం తనకు ఇష్టం లేదంటాడు, స్నేహం బతికుండగా చూపాలంటాడు. పిరికిమాటే. అయితే గాట్స్‌బీ ఇంట్లో వేసవంతా తాగి ఆడినవాళ్లు ఎక్కడ? అప్పట్లో మద్య నిషేధం ఉన్న దేశంలో ఆ సారా తాగినవాళ్లను నేరస్థులని ఎవరూ అనలేదే. కారు నడిపి ఒక స్త్రీ ప్రాణం తీసింది గాట్స్‌బీ ప్రేమించిన డెయిజీ. కారు గాట్స్‌బీదని చెప్పి, తుపాకీ పట్టిన ఆ స్త్రీ భర్తను అటు పంపింది డెయిజీ భర్త టామ్. ఆ దంపతులు చిరునామా కూడా వదలకుండా ఊరు దాటారు, ఒక పువ్వైనా పంపలేదు. వాళ్లది పాత ఆస్తి, మంచి ఇంటిపేరు. అందుకే చీకటి మనిషి అనగానే మన వేలు ముందు వుల్ఫ్‌షైమ్ వైపే లేస్తుంది. ఆ వేలికి అది ఎవరు నేర్పారు?

వుల్ఫ్‌షైమ్‌ను నేను క్షమించను. కానీ గాట్స్‌బీ చావుకు బాధ్యుల పేర్లు రాయమంటే, అతని పేరు టామ్, డెయిజీల తర్వాతే రాస్తాను.