తలంపునకును చేతికిని నడుమ

మనస్సు చేతనే వస్తువులను కదలింపవచ్చునా? చేయి సోకకుండ, త్రాడు కట్టకుండ, తలంచినంత మాత్రమున చెంబు జరుగుట, తలుపు తెరచుకొనుట ఎన్నటికైన నిజము కాగలదా? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే చెందినది కాదు. ధారావి గల్లీలలోను, కామాఠీపుర వీధులలోను కాపురమున్న మన తెలుగు కుటుంబములలో పిల్లలు దీనిని వినోదముగా అడుగుదురు. కష్టములలో నున్న పెద్దలు ఆశతో అడుగుదురు. కావున దీనిని తేలికగా త్రోసిపుచ్చక, కొంత విచారించుట యుక్తమని తలంచుచున్నాము.

1957లో వెలువడిన 'మాయాబజార్' చిత్రమును చూడని తెలుగువారు అరుదు. అందు ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తమంతట తామే ఎగిరివచ్చును. ఆ లడ్డూలను కదలించినది ఘటోత్కచుని సంకల్పము కాదు. మార్కస్ బార్ట్లీ గారి ఛాయాగ్రహణ నైపుణ్యము. ఈ సంగతి తెలిసినందువలన మన ఆనందమునకు లోపము కలుగలేదు. చూపించువాడు ఇది వినోదమని ఒప్పుకొన్నంతవఱకు మాయ వలన ఎవరికిని నష్టము లేదు. ఇది తపశ్శక్తి యని చెప్పి రొక్కము పుచ్చుకొన్ననాడే చిక్కు మొదలగును.

యోగశాస్త్రమున సిద్ధులు చెప్పబడలేదా యని కొందరడుగుదురు. చెప్పబడినవి. పతంజలి యోగసూత్రములలో మూడవదైన విభూతిపాదమున అణిమాది సిద్ధుల ప్రస్తావన కలదు. కాని అవి సమాధికి విఘ్నములని ఆ పాదముననే ఆయన హెచ్చరించియున్నాడు. అనగా శాస్త్రమును పూర్తిగా నమ్మినవానికి సైతము సిద్ధి యనునది జనులను పోగుచేసి చూపించు వస్తువు కాదు.

మన నగరము ఇట్టి పరీక్ష నొకదానిని కన్నులార చూచినది. 1966లో ఎల్. ఎస్. రావు అను హఠయోగి నీటిపై నడచెదనని ప్రకటించి, నాటి బొంబాయిలో టిక్కెట్లు కొని వచ్చిన జనుల యెదుట నీటిలో అడుగిడెను. అడుగిడిన వెంటనే మునిగెను. వస్తువును తలంపుతో కదలింప గోరుటయు, నీటిపై దేహమును నిలుప గోరుటయు ఒక్కటే కోరిక: పదార్థము మన మనస్సు చెప్పినట్లు వినవలెనని. ఆయనను చూచి నవ్వుట సులభము. కాని ఆయన నలుగురి యెదుట పరీక్షకు నిలిచినాడు. చీకటి గదిలో, నమ్మినవారి నడుమ మాత్రమే మహిమ చూపువారికంటె ఈయన మేలని మా అభిప్రాయము.

పాశ్చాత్యులును ఈ విషయమును ఉపేక్షింపలేదు. అమెరికాలోని ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయమున 1979 మొదలు 2007 వఱకు ఒక ప్రయోగశాల ఇదే పనిలో నుండెను. యంత్రము వరుస లేకుండ వెలువరించు అంకెలను మనస్సుచేత ఒక వైపునకు మొగ్గించుటకు యత్నించి, మిక్కిలి స్వల్పమైన తేడా కనబడినదని వారు చెప్పిరి. జర్మనీలోని రెండు ప్రయోగశాలలతో కలిసి మరల చేసినప్పుడు ఆ తేడా నిలువలేదు. ఆ ఫలితములు 2000లో ప్రకటింపబడినవి. జేమ్స్ రాండీ అను ఐంద్రజాలికుడు ఇట్టి శక్తిని నిరూపించినవారికి 1964లో వేయి డాలర్ల బహుమానమును ప్రకటించెను. అది పిమ్మట పది లక్షల డాలర్లై 2015 వఱకు నిలిచియుండెను. దానిని గెలిచినవారు ఒక్కరును లేరు.

మేము చిరకాలము గుమాస్తాగిరిలో పద్దులు వ్రాసినవారము. ఖర్చు వ్రాసినచోట జమ చూపవలెననునది మాకు తెలిసిన మొదటి న్యాయము. ప్రకృతియు అట్టి ఖాతానే నడుపుచున్నది. ఒక కిలో బరువును ఒక మీటరు ఎత్తునకు లేపుటకు సుమారు 10 జౌళ్ల శక్తి ఖర్చగును. అది ఎక్కడినుండియో రావలెను. మనిషి మెదడు మొత్తము వాడుకొను శక్తి సుమారు 20 వాట్లు. అదియు దాని సొంత పనికే సరిపోవును. తలపై కొలిచినప్పుడు దొరకు దాని విద్యుత్ సంకేతము వోల్టులో పదిలక్షలవ వంతుల లెక్కలో నుండును. అంత దుర్బలమైనది గది దాటిపోయి చెంబును కదలించెనన్నచో, ఆ శక్తి ఏ ఖాతానుండి వచ్చినదో చూపవలెను. చూపినవారు లేరు. కావున నడుమ సాధనము లేకుండ మనస్సు వస్తువును కదలించుట నేటివఱకు నిజము కాలేదు. ఇకముందు కాగలదనుటకును ఆధారము కానరాదు.

సాధనమున్నచో మాట వేరు. మన పద్మశాలీలు ఈ నగరపు మిల్లులలో తరతరములు మగ్గముల యెదుట నిలిచినవారు. పూర్వము నేతగాడు నాడెను ఒక చేతినుండి మఱొక చేతికి విసరెడివాడు. 1733లో ఇంగ్లాండున జాన్ కే అనునతడు త్రాడు లాగినంతనే నాడె పరుగెత్తు ఉపాయమును కనిపెట్టెను. పిమ్మట ఆవిరియు విద్యుత్తును రాగా, చేయి సోకకయే నాడె పరుగిడినది. మనస్సు సంకల్పించినది, సాధనము నెరవేర్చినది. మన చేయి కదలుటయు ఇట్లే: మెదడు ఆజ్ఞ, నరము వార్త, కండరము పని.

ఆ నరము తెగినవానికి వేఱొక సాధనమును అమర్చవచ్చునా? ఈ విద్యకు మూలమైన కథ వింతయైనది. హాన్స్ బెర్గర్ అను జర్మను వైద్యుడు యౌవనమున సైన్యములో నుండగా గుఱ్ఱముపైనుండి పడి ప్రాణాపాయమును తప్పించుకొనెను. ఆ దినముననే దూరమున నున్న సోదరి కీడు శంకించి తండ్రిచేత తంతి ఇప్పించెను. మనస్సునుండి మనస్సునకు ఏదో శక్తి ప్రసరించునని నమ్మి ఆయన దానికొఱకు ఎన్నో సంవత్సరములు వెదకెను. అది దొరకలేదు, కాని 1924లో మానవుని మెదడులోని విద్యుత్ తరంగములను మొట్టమొదట నమోదు చేయగలిగెను. ఆ మార్గమున విద్య పెరిగి, 2004లో దేహము చచ్చుపడిన ఒక అమెరికా యువకుని మెదడులో సూక్ష్మమైన తీగలు అమర్పగా, అతడు తలంపుతోనే కంప్యూటరు తెరపై గుర్తును కదలించెను. సుమారు 15 సంవత్సరములుగా కాలుసేతులు కదలని ఒక స్త్రీ, తన తలంపునకు లోబడిన యంత్రహస్తముతో సీసా నెత్తుకొని కాఫీ త్రాగిన వృత్తాంతము 2012లో ప్రకటింపబడినది. ఈ అర్థమున మన ప్రశ్నకు అవునను సమాధానమే వచ్చినది.

ఇక అసలు విచారము. సాధనము లేకయే ఈ శక్తి అందరికిని లభించినచో మేలగునా? ధారావిలో చిన్న గదిలో ఆరుగురు, ఏడుగురు కాపురముండుట మనకు క్రొత్త కాదు. ఉదయము కుళాయి వద్ద తన బిందెను వెనుకకు నెట్టినవారిపై ఎన్ని శాపములు మనస్సున మెదలును! వానిలో నూటికొకటియైన చేతివఱకు రాదు. తలంపు లేచిన పిమ్మట, చేయి లేచుటకు ముందు ఒక క్షణమున్నది. వీరు మన పొరుగువారు, బిడ్డకు జ్వరము వచ్చిననాడు ఆసుపత్రికి తోడు వచ్చినవారు అను జ్ఞాపకము ఆ క్షణముననే వచ్చును. తలంచిన తక్షణమే బిందె ఎగిరి ఎదుటివారి తలకు తగిలినచో మన చాళ్లలో ఒక్క దినమైన కాపురము సాగదు.

తలంపు కూడ పాపమే కదా, మనోవాక్కాయములు మూడింటిని పెద్దలు చెప్పలేదా యని అడుగవచ్చును. నిజమే. ఐనను వానిని మూడుగా విభజించి చెప్పుటలోనే, మొదటిది మూడవదిగా మారకుండ ఆపవచ్చునను నమ్మకమున్నది. చెడు తలంపు రాని మనిషి లేడు. దానిని చేతికి అందనీయనివానినే మనము మంచివాడందుము. ఆ నడిమి ఎడము లేనిచోట మంచివాడు, చెడ్డవాడు అను మాటలకే అర్థముండదు.

మెదడులో తీగలు అమర్చు యంత్రములకును ఇదియే గీటురాయి. అవి మెదలిన ప్రతి తలంపును కాక, మనిషి నిశ్చయించినదానిని మాత్రమే నెరవేర్చవలెను, వద్దనుకొన్నప్పుడు ఆగవలెను. మఱొక ప్రశ్న, అవి ఎవరికి అందుననునది. కామాఠీపురమునకు ఆ పేరు, నిజాము ప్రాంతమునుండి వచ్చి ఈ నగరమును కట్టిన కామాఠీ కూలీల వలన వచ్చినది. పరంజాపైనుండి పడి వెన్ను విరిగినవారు కట్టుబడి కూలీలలో నేటికిని ఉన్నారు. అట్టివాడు మంచముపైనుండి తనంతట తాను గ్లాసెడు నీళ్లు త్రాగగలిగిననాడే ఈ విద్య సార్థకము.

కాని అట్టి ఇంటికి యంత్రముకంటె ముందుగా మహిమలవారు వత్తురు. చెంబును కదలించిన స్వామి పడిపోయిన కాళ్లను కూడ కదలించునని ఆ ఇల్లాలు ఆశపడును. తాళి కుదువబెట్టి దక్షిణ ఇచ్చును. మా ఆక్షేపణ భక్తిపై కాదు, ఈ వ్యాపారముపై. మూఢనమ్మకముల నిర్మూలనకై 1989లో సంస్థను స్థాపించిన నరేంద్ర దభోల్కర్ గారు 2013 ఆగస్టు 20న పూనాలో హత్యగావింపబడిరి. ఆ సంవత్సరముననే మహారాష్ట్రమున చట్టము వచ్చినది. మహిమల పేర జనులను మోసగించి ధనమార్జించుట ఆ చట్టము ననుసరించి నేరము.

చట్టము ఫిర్యాదు వచ్చిన పిమ్మట పనిచేయును. అంతకుముందే పగటి వెలుగులో, నలుగురి యెదుట చేసి చూపుమని అడుగు అలవాటు మన ఇండ్లలో ఏర్పడవలెను. పిల్లలకు ఈ అలవాటు నేర్పుట అవిశ్వాసమును నేర్పుట కాదు. ఇక ఆ మంచముపై నున్నవానికి యంత్రము వచ్చునంతవఱకు దాహము ఆగదు. నీళ్లు అందించుటకు ఇరుగుపొరుగున మన చేతులున్నవి. వానిని కదలించుటకు తలంపు చాలును.