పచ్చి మన్ను, కాలిన మన్ను



మట్టిపని ఇప్పుడు పట్టణాలలో చదువుకున్నవారి సరదాగా మారినది. బెంగుళూరు, హైదరాబాదు వంటి చోట్ల స్టూడియోలు అనే పేరుతో మట్టిశాలలు వెలిశాయి. గంటకు ఇంత అని రుసుము కట్టి, కరెంటు సారె ముందు కూర్చుని, ఒక కప్పో గిన్నెయో చేసుకొని, దానికి గ్లేజు పూసి, అందరి వస్తువులతో పాటు ఒకే బట్టీలో కాల్పించుకొని ఇంటికి తీసుకొనిపోతారు. దక్షిణాదిలో ఈ పనికి ఊతమిచ్చిన చోటు పుదుచ్చేరిలోని గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ. రే మీకర్, డెబొరా స్మిత్ అను ఇద్దరు అమెరికనులు 1971లో దానిని మొదలుపెట్టారు. మన తాతల కాలములో ఇది ఊహకు అందని సంగతి. ఆనాడు మన్ను తొక్కేది కుమ్మరి కుటుంబమే, మిగిలినవారందరు కొనేవారే.

మన సంఘములో పెరిగి బెంగుళూరులో ఉద్యోగము చేస్తున్న ఒక అమ్మాయి ఇటువంటి చోట నేర్చుకొంటున్నది. క్రిస్మసుకు వచ్చినప్పుడు ఆమె చెప్పిన ఒక నియమము నన్ను ఆలోచింపజేసినది. వారి బట్టీలోనికి తడి ఉన్న పాత్రను ఎవరు ఎంత బతిమాలినా పెట్టనివ్వరట. అక్కడి పెద్దావిడ ఒక్కొక్క పాత్రను చేతికి తీసుకొని చెంపకు ఆనించి చూస్తుంది. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. "ఇంకో వారము ఆగు" అని పక్కన పెట్టేస్తుంది. ఎందుకంటే, తడి పాత్ర మంటలో పగిలితే దాని ముక్కలు ఎగిరి పక్కవారి పాత్రలను కూడ కొడతాయి. తొందరపడినది ఒకరు, నష్టపోయేది నలుగురు.

పాత్ర పగిలేది మట్టిలోని గాలి బుడగ వలన అని చాలమంది అనుకొంటారు. అసలు కారణము నీరు. వేడి నూరు డిగ్రీలు దాటగానే లోపలి తడి ఆవిరి అవుతుంది. ఆవిరికి నీటికంటె ఎన్నో వందల రెట్లు చోటు కావాలి. బయటికి దారి దొరకకపోతే గోడను చీల్చుకొని వస్తుంది. అది దాటిన తరువాత, సుమారు 450 నుండి 600 డిగ్రీల మధ్య, మరొక నీరు పోతుంది. ఇది తడి కాదు, మట్టి అణువులోనే కలిసిపోయి ఉన్న నీరు. అది పోయిన క్షణము నుండి అది మన్ను కాదు. అంతకు ముందు ఎంత ఎండిన పాత్రనైనా బకెట్టు నీళ్ళలో వేస్తే విడిపోయి బురద అవుతుంది, మళ్ళీ పిసికి మళ్ళీ సారె మీద పెట్టవచ్చును. (సగము ఎండిన ముక్కకంటె పూర్తిగా ఎండినదే త్వరగా కరుగుతుందట. పిల్లలకు సైన్సు చెప్పే ఉపాధ్యాయులు చేసి చూపదగిన ప్రయోగము.) కాని కాలిన తరువాత ఏ నీరు దానిని మెత్తబరచలేదు.

ఈ మాట బళ్ళారి జిల్లాలో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. పట్టణానికి దగ్గరలోనే సంగనకల్లు గుట్టలున్నవి. అక్కడ సుమారు నాలుగు వేల ఏండ్ల క్రిందట పశువులను మేపుకొని బ్రదికిన మనుష్యులు చేసిన కుండల పెంకులు ఈనాటికీ దొరుకుతాయి. సారె లేని రోజులలో చేతితో మలచి, రాతితో నున్నగా రుద్ది, కాల్చిన బూడిదరంగు కుండలవి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ గత శతాబ్దానికి ముందే ఈ గుట్టలలో తిరిగి రాతి గొడ్డళ్ళతో పాటు పెంకులను కూడ ఏరి దాచాడు. ఆయన పేరుతో బళ్ళారిలో మ్యూజియము ఉన్నది, సంఘపు పిల్లలను ఒకసారి తీసుకొనిపోండి. సిరుగుప్ప తాలూకా తెక్కలకోటలో 1960లలో త్రవ్వినప్పుడు పసిబిడ్డలను కుండలలో పెట్టి పాతిన గుంతలు బయటపడినవి. బిడ్డ ఎముకలు మట్టిలో కలిసే స్థితికి వచ్చినవి, కుండ మాత్రము కుండగానే ఉన్నది. అన్ని వేల వర్షాలు కూడ దానిని తిరిగి మన్నుగా చేయలేకపోయాయి.

ఇక నా ప్రశ్నకు వస్తాను. మన పాటలలోను ప్రసంగాలలోను కుమ్మరి మాట తరచు వినబడుతుంది. యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయము తీసి, చెడిపోయిన పాత్రను కుమ్మరి మరల మరొక పాత్రగా చేసిన సంగతి చెప్పి, మనిషి ఏ స్థితిలో ఉన్నా తిరిగి చేయబడవచ్చునని ముగిస్తారు. మంచిదే. కాని ఆ పుట తిప్పితే 19వ అధ్యాయము ఉన్నది. అక్కడ ప్రవక్త కొన్నది పచ్చి మన్ను కాదు, కాలిన కూజా. జనుల పెద్దలలో కొందరిని, యాజకుల పెద్దలలో కొందరిని వెంటబెట్టుకొని హిన్నోము లోయకు పోయి, వారి కన్నుల యెదుట దానిని పగులగొట్టాడు. అది మరల బాగుచేయ శక్యము కానిదని దాని భావము. ఈ రెండవ అధ్యాయము మీద ప్రసంగము నేను చాల అరుదుగా విన్నాను. రెండు కుండలు పక్కపక్కనే ఉన్నవి, ఒకటి పచ్చిది, రెండవది కాలినది. ఒక మనిషిని చూచినప్పుడు అతడు ఏ అధ్యాయములోని కుండయో నిర్ణయించవలసినది ఎవరు, ఎప్పుడు?

ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిగా నాకు ఒక భాగము సులభముగా తోచుచున్నది. బడిపిల్లలెవరూ కాలిన కుండలు కారు. పదవ తరగతి తప్పిన కుర్రవానిని చూచి "వీడింతే" అనే మాట మన ఇండ్లలో ఎంత తేలికగా వస్తుందో మీకు తెలుసు. ట్రైనింగులో మాకు చెప్పినది, తరువాత ముప్పది ఏండ్లు తరగతి గదిలో నేను చూచినది ఒకటే. పిల్లవానిని గట్టిపరచేది వాని వయస్సు కాదు, వాని మార్కులు కావు. వాని గురించి పదిమంది ఒకే మాటను పదేండ్లు అనడము. మొద్దు అని పిలువగా పిలువగా వాడు ఆ పిలుపుకే పలుకుతాడు. అది కూడ ఒక బట్టీయే. ఆ బట్టీకి కట్టెలు వేసేవారిలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సండే స్కూలు టీచర్లు అందరూ ఉంటారు. చెంపకు ఆనించి చూచే ఓపిక ఉన్నవారు తక్కువ.

పెద్దవారి సంగతి అంత సులభము కాదు. కుండకు ఇష్టము లేదు, పశ్చాత్తాపము లేదు, మనిషికి రెండూ ఉన్నవి, కాబట్టి ఈ పోలికే చెల్లదని కొందరు అనవచ్చును. కొంతవరకు ఒప్పుకొంటాను. యిర్మీయా 18లో కూడ ఆ జనము తమ మార్గము విడిచి తిరుగుట మీదనే అంతా ఆధారపడి ఉన్నది గదా. అయితే మనిషి తిరిగినంత మాత్రాన అతడు చేసినది తిరిగి రాదు. పశ్చాత్తాపము హృదయమును మెత్తబరచును, జరిగినదానిని మెత్తబరచదు. ఈ రెండింటిని కలిపివేయుట వలన మన సంఘాలలో ఎన్ని తగవులు వచ్చాయో పెద్దలకు తెలియును.

పేర్లు లేకుండ ఒక సంగతి చెప్తాను. కాలువ క్రింది ఒక క్యాంపులో మన తెలుగువారి సంఘము ఉన్నది. మందిరము కట్టుటకు కూడబెట్టిన డబ్బులో కొంత దాని కోశాధికారి చేతిలో మాయమైనది. గోడలు లేచి, పైకప్పు లేక, రెండు వానకాలాలు తడిసినవి. ఆయన తప్పు ఒప్పుకొన్నాడు. చాల ఏండ్లు పట్టినా, కూలికి పోయి రూపాయి రూపాయిగా చెల్లించాడు. ఇప్పుడు ఆయనను ఏమి చేయవలెను? ఒక పెద్దగారు, దేవుడే క్షమించినప్పుడు తాళముచెవి తిరిగి ఇచ్చుటకు మనకేమి అడ్డమన్నారు. మరొకరు, ఆయన జీవితాంతము ఏ పనికీ ముందుకు రాకూడదన్నారు. ఇద్దరూ వాక్యము తీసే మాట్లాడారు.

నా మట్టుకు ఇద్దరి మాటా సరిగా తోచలేదు. మొదటివారు కాలిన కుండను బకెట్టులో వేసి కరుగుతుందని కాచుకొంటున్నారు. రెండవవారు పెంకును దిబ్బ మీద పారవేస్తున్నారు. మన పల్లెలలో పెంకును అలా ఎప్పుడు పారవేశారు? ఓటికుండ అడుగు మంగలమై పేలాలు వేయించినది. నిప్పు తెచ్చుటకు పెంకు, సాంబ్రాణి వేయుటకు పెంకు, పిల్లలకు ఏడు పెంకులాట. ఆ స్టూడియోలో కూడ కాలి పగిలిన ముక్కలను పొడి చేసి కొత్త మట్టిలో కలుపుతారట. పచ్చి మట్టి ఎండేటప్పుడు ముడుచుకొంటుంది. కాలిన పొడి ఇక ముడుచుకోదు. అందుచేత ఆ పొడి కలిసిన పాత్ర తక్కువ వంకర పోతుంది, దానిలోని ఆవిరికి బయటికి దారి కూడ దొరుకుతుంది. అనగా పగిలినది మరొకటి పగలకుండ కాపాడుతున్నది.

ఇంతకంటె పెద్ద సాక్ష్యము మన కళ్ళ ముందే ఉన్నది. మనలో ఎందరి కుటుంబాలో కోస్తా నుండి, కర్నూలు వైపు నుండి ఈ క్యాంపులకు వచ్చినది తుంగభద్ర నీటి కొరకు. 1953లో పూర్తియైన ఆ ఆనకట్ట రాళ్ళను పట్టి నిలిపినది సుర్కీ గచ్చు. సుర్కీ అనగా కాల్చిన మట్టిని, ఇటుకను మెత్తగా పొడి చేసినది. సున్నములో దానిని కలిపితే నీటిలో కూడ గట్టిపడుతుంది. పచ్చి మన్నును సున్నములో కలిపి చూడండి, నీటి ముందు అది అలా నిలువదు. మంటను దాటినదానికే ఆ గుణము వస్తుంది. అయితే దానిని మళ్ళీ కుండ చేయలేము, దానిలో నీళ్ళు మోయలేము. పొడి కావలసినదే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పొడి చేయుట పెద్దల పని అని ఎవరూ అనుకోవద్దు. కూలి డబ్బుతో అప్పు తీర్చిన ఆ ఏండ్లు ఆయనను ఎంత నలుగగొట్టాలో అంత నలుగగొట్టాయి.

ఆ సంఘము చివరకు చేసినది ఇది. తాళముచెవి ఇవ్వలేదు. లెక్కలు ఇద్దరు యౌవనస్థురాండ్రకు అప్పగించి, వారికి నేర్పుమని ఆయనను అడిగారు. రసీదు పుస్తకములో ఏ పేజీ చూడాలి, ఏ సంతకము లేకపోతే అనుమానించాలి, బ్యాంకు పుస్తకమునకు, నగదు పుస్తకమునకు మధ్య తేడా ఎక్కడ దాగుతుంది అన్నది ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. మనిషిని అవమానించుటకు ఇదొక మార్గమని కొందరు సణిగారు. పదిమంది ముందు తన తప్పును తానే పాఠముగా చెప్పుకొనుట తేలిక కాదు, నిజమే. ఆయన ఒక పూట ఆలోచించుకొని ఒప్పుకొన్నాడు. రెండు సంవత్సరాలుగా లెక్కలు ప్రతి మూడు నెలలకు సంఘము ముందు చదువబడుచున్నవి. నేను ఒకసారి వెళ్ళి విన్నాను. ఒక అమ్మాయి ఆయనను నిలబెట్టి, "అన్నా, ఈ నలభై రూపాయలకు రసీదు ఏది?" అని అడిగినది. ఆయన లేచి, జేబులో వెదకి, ఇచ్చి కూర్చున్నాడు.

నాకు ఇంకా నిబ్బరము లేనిది ఆయన విషయములో కాదు. ఆయన భార్య ఇప్పటికీ గుమ్మము పక్కన, వెనుక వరుసలోనే కూర్చుంటున్నది. స్త్రీల కూటములో ప్రార్థన చేయుమని ఆమెను ఎవరూ అడుగరు. ఆమె ఆ డబ్బు ముట్టలేదు, చూడలేదు, అప్పు తీర్చుటకు భర్తతో సమానముగా నాట్లకు, కలుపుకు పోయినది. ఆమె చేసిన తప్పు ఏమిటని నేను అడిగినప్పుడు ముగ్గురు పెద్దలలో ఒక్కరూ చెప్పలేకపోయారు. వచ్చే పెద్దల కూటములో ఆ సంగతి ఎత్తుతామన్నారు.