రెండవమారు వచ్చిన దూత

ధ్యాన వాక్యభాగము: 1 రాజులు 19:1–8



మా స్నేహితుడొకడు ఇంటిలోనున్న నొప్పి మాత్రలను అధికముగా మింగి ఆసుపత్రిలో చేర్చబడెను. అతడెవరో, ఏ ఊరివాడో ఇక్కడ వ్రాయము. కారణము ముందు తెలియును. వార్త తెలిసిన సాయంకాలమే మేము నలుగురము బయలుదేరితిమి. “పోయి ఏమి చెప్పవలెను?” అని త్రోవపొడుగునను ఒకరినొకరము అడుగుకొంటిమి. సంఘములో పెరిగినవారము గనుక మాకు మాటలు కొదువలేదు. కాని మంచము ప్రక్క నిలిచినప్పుడు ఒక్క మాటయు నోట రాలేదు. బ్రదుకు భారమై తన ప్రాణమునకు తానే హాని తలపెట్టిన స్నేహితునికి మనము ఏమి అచ్చియున్నాము? ఈ సంగతిని మీతో కూడ ఆలోచింప గోరుచున్నాము.

ఏలీయా చరిత్ర మనకు తెలిసినదే. కర్మెలు పర్వతము మీద బయలు ప్రవక్తలనందరిని ఒంటరిగా ఎదిరించినవాడు యెజెబెలు బెదిరింపు విని పారిపోయెను. దాసుని బెయేర్షెబాలో విడిచి, అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, ఇక చాలునని తన ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. మోషేయు ఒకప్పుడు అట్లే వేడుకొనెను (సంఖ్యా. 11:15). యోనాయు వేడుకొనెను (యోనా 4:3). యిర్మీయా తాను పుట్టిన దినమును శపించెను (యిర్మీయా 20:14). వీరు విశ్వాసము లేనివారని మన సండేస్కూలులో ఎన్నడును నేర్పలేదు.

అప్పుడు దేవుని దూత ఏమి చేసెను? తట్టి లేపెను. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్ల బుడ్డిని అతని తలదగ్గర ఉంచియుండెను. ఏలీయా తిని త్రాగి మరల పండుకొనెను. గద్దింపు లేదు, విచారణ లేదు. ఇక్కడ నీకేమి పని యని దేవుడు అతని నడిగినది నలువది దినముల ప్రయాణమైన తరువాత, హోరేబు గుహలో. మనమైతే ఆ ప్రశ్నను ఆసుపత్రి గుమ్మములోనే అడుగుదుము.

అయితే మేము మొదట గమనింపని మాట ఒకటి ఈ భాగములో ఉన్నది. ఆ దూత రెండవమారు వచ్చెను. దాని అర్థము మాకు ఆసుపత్రిలోనే తెలియవలసి వచ్చెను.

మరునాటి ఉదయము మా స్నేహితుడు లేచి కూర్చుండి రెండు ఇడ్లీలు తినెను. అతని తల్లి సంతోషించి, “అయ్యా, వీడు బాగానే ఉన్నాడు గదా, ఇంటికి తీసికొనిపోదుము” అని మాతో అనెను. వైద్యుడు ఆమెను కూర్చుండబెట్టి నెమ్మదిగా వివరించెను. అతడు మింగినది పారాసిటమాల్. జ్వరమునకు, తలనొప్పికి ప్రతి ఇంటిలో ఉండు మాత్రయే. అది మితిమీరినప్పుడు మొదటి దినమున మనిషి బాగున్నట్లే కనబడును. లోపల కాలేయము మాత్రము చెడిపోవుచుండును. అసలు హాని రెండవ మూడవ దినములలో బయటపడును. దానికి ఎసిటైల్‌సిస్టీన్ అను విరుగుడు మందున్నది. ఎనిమిది గంటలలోపల మొదలుపెట్టినయెడల అది మిక్కిలి బాగుగా పనిచేయును, ఆలస్యమైనను ఇయ్యదగినదే. కాబట్టి ఇట్టిది జరిగినప్పుడు, మనిషి కులాసాగా కనబడుచున్నాడని ఇంటిలో ఉంచుకొనక, తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

శరీరము విషయమై వైద్యుడు చెప్పినది మనస్సు విషయమైయు నిజమే. మొదటి దినమున అందరు వత్తురు, పండ్లు తెత్తురు, ప్రార్థన చేయుదురు. రోగి చిరునవ్వు నవ్వును. గండము గడచెననుకొని అందరు పోదురు. కాని ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాతి వారములే మిక్కిలి జాగ్రత్తగా ఉండవలసిన కాలము.

ఇక్కడ మా తప్పును ఒప్పుకొనవలెను. మా స్నేహితుడు ఇంటికి వచ్చిన తరువాత మూడు వారములు మాలో ఒక్కరమును అతని గడప త్రొక్కలేదు. క్రిస్మస్ కేరల్స్ పనిలో ఉంటిమని చెప్పుకొంటిమి. నిజమేమనగా, ఏమి మాటలాడవలెనో తెలియక వెనుకదీసితిమి. తుదకు పోయినప్పుడు అతడు, “మొదటి రోజున అంతమంది వచ్చినారు. తరువాత ఎవరును రాలేదు. నన్ను చూచి సిగ్గుపడుచున్నారనుకొన్నాను” అనెను. మేము తల వంచుకొంటిమి.

మాలో ఒకడు ఆరంభములోనే అడిగియుండెను: “ఇది పాపము గదా? ఆ సంగతి చెప్పకుండుట ప్రేమయగునా?” ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. ప్రాణము దేవుని వరము. దానిని తేలికగా ఎంచమని మేము చెప్పుట లేదు. కాని ఫిలిప్పీ చెరసాలలో ఏమి జరిగెనో చూడుడి. ఖైదీలు పారిపోయిరనుకొని చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను చంపుకొనబోయెను. పౌలు బిగ్గరగా కేకవేసి, హాని చేసికొనవద్దనియు, తామందరము అక్కడనే ఉన్నామనియు చెప్పెను (అపొ. కా. 16:27, 28). రక్షణనుగూర్చిన బోధ ఆ తరువాతనే, ఆ మనిషి తానే అడిగినప్పుడు వచ్చినది. యోబు స్నేహితులును ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతకాలము మంచి స్నేహితులే. తీర్పు చెప్ప మొదలుపెట్టినప్పుడే తప్పిపోయిరి. తుదకు దేవుని కోపమునకు పాత్రులైరి (యోబు 42:7).

దేశపు చట్టము సయితము నేడు ఇట్టివారిని నేరస్థులుగా చూచుట లేదు. 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఇట్టి యత్నము చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడని యెంచి, శిక్షకు మారుగా సంరక్షణ చూపవలెనని విధించుచున్నది. ప్రభుత్వము 2022లో ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. చట్టము చూపు కనికరము సంఘము చూపకుండుట తగునా?

మరియొక మాట. ఆ ఆదివారము ఒక పెద్ద, మంచి మనస్సుతోనే, ప్రార్థన మనవులలో అతని పేరును జరిగిన సంగతిని చదువబోయెను. మేము వద్దంటిమి. ప్రార్థన పేరిట ఒకని గాయమును సంఘమంతటికి విప్పి చూపుట ప్రార్థన కాదు. అతని పేరు దేవునికి తెలియును. ఈ పుటలో వ్రాయకపోవుటకును ఇదే కారణము. అయితే దాచకూడని రహస్యమొకటి కలదు. మరల హాని చేసికొందునని స్నేహితుడు చెప్పి, ఎవరికిని చెప్పవద్దని ఒట్టు పెట్టించుకొనినను, ఆ ఒట్టు నిలుపుకొనరాదు. ఇంటివారికి, వైద్యునికి చెప్పవలెను. అతడు కోపించినను సరే; బ్రదికియున్న స్నేహితుని కోపము భరింపవచ్చును.

ఇప్పుడు మేము వంతులవారీగా పోవుచున్నాము. ఒకరు వైద్యునియొద్దకు తోడు పోవుదురు. ఒకరు సాయంకాలము నడకకు పిలుతురు. మాత్రలన్నియు తల్లి బీరువాలో పెట్టి తాళము వేసికొనినది. ఆ తలంపు మరల వచ్చుచున్నదా అని సూటిగా, మెల్లగా అడుగుచున్నాము. అడిగినంతమాత్రమున అది పుట్టదని వైద్యుడు మాకు ధైర్యము చెప్పెను. కొన్ని దినములు అతడు మాటలాడును. కొన్ని దినములు ఊరక టీ త్రాగి వచ్చెదము.

ప్రియులారా, మీరు ఒకమారు చూచి వచ్చిన మంచము ఏదైన ఉన్నదా? ఆ మనిషి ఇప్పుడు ఇంటిలో ఉండవచ్చును; బాగున్నానని చెప్పవచ్చును. ప్రయాణము అతని శక్తికి మించినదని ఎరిగియే దేవుడు దూతను రెండవమారు పంపెను. ఈ వారము మీరును రెండవమారు పోయి రండి. చేతిలో ప్రసంగము అక్కరలేదు, భోజనముండిన చాలును.

నలిగినవారికి సమీపముగా నుండు ప్రభువు మన అడుగులను అట్టివారి గడపకు నడిపించును గాక. ఆమేన్.