కాగితం మీద నంబరు

కదలబోయే బస్సులో కిటికీలోంచి సీటు మీద రుమాలు పడేసి, "అది మాదండీ!" అనడం మనకేమీ కొత్త కాదు. మనిషి ఇంకా కిందే ఉంటాడు. బస్సెక్కలేదు, టిక్కెట్టు కొనలేదు. అయినా సీటు అతనిదే! ఆ గుడ్డపీలికకి అంత అధికారం ఎవరిచ్చారయ్యా అంటే, మనమే. రేపు మనమూ రుమాలు వెయ్యాల్సి వస్తుంది కదా మరి.

బ్రిటన్‌లో ఇలాంటి రుమాలు ఒకదాన్ని సర్కారే అమ్ముతుంది. అక్కడ తమ పేరులోని అక్షరాలో, పుట్టినరోజు అంకెలో కలిసొచ్చేలా కారుకి నంబరు కొనుక్కునే అలవాటుంది. కారు పాతబడి అమ్మేస్తున్నా నంబరు వదులుకోవడానికి మనసొప్పలేదనుకోండి. స్వాన్సీలో ఉన్న వాహనాల శాఖకి 80 పౌండ్లు కడితే, ఆ నంబరుని బండి నుంచి విడదీసి కాగితం మీద ఉంచుకోనిస్తారు. కాగితం పదేళ్లు చెల్లుతుంది. గడువు తీరకముందే అడిగితే పైసా తీసుకోకుండా పొడిగిస్తారు. మరిచిపోయారా, నంబరు పోయినట్టే. విడదీయకుండా కారుని తుక్కుకి వేసేసినా అంతే. అన్నట్టు, నంబరు తీసేశాక ఆ కారుకి మామూలుగా దాని మొదటి నంబరే తిరిగొస్తుంది, అత్తింటి పేరు తీసేసి పుట్టింటి పేరు పెట్టుకున్నట్టు.

ఈ మోజు ఈనాటిది కాదు. ఆ దేశంలో మోటారుకార్లకి నంబరు తప్పనిసరి అయింది 1904 జనవరి 1 నుంచి. అంతకు కాస్త ముందు, 1903లో, లండన్‌లో 'ఏ 1' అనే నంబరు దక్కించుకున్నవాడు ఎర్ల్ రసెల్. తత్వవేత్త బెర్ట్రాండ్ రసెల్‌కి స్వయానా అన్నగారు. దానికోసం రాత్రంతా వరసలో కాచుకున్నాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే, అసలు అంకె అంటే ఏమిటి అని తలబద్దలు కొట్టుకుంటూ తమ్ముడు రాసిన గణిత గ్రంథం వెలువడింది కూడా ఆ 1903లోనే! తమ్ముడికి అంకె అర్థం కావాలి, అన్నగారికి అంకె చిక్కాలి. లోకంలో ఈ రెండో రకం వాళ్లే ఎక్కువ. 1989 నుంచి ప్రభుత్వమే ఇలాంటి నంబర్ల అమ్మకానికి దిగింది. 2014లో '25 ఓ' అనే ఒక్క నంబరు, పన్నులూ ఫీజులూ కలుపుకుని 5 లక్షల 18 వేల పౌండ్లు పలికింది. మనం మాత్రం తీసిపోయామా? కూడితే తొమ్మిది రావాలని, నాలుగు తొమ్మిదులూ వరసగా ఉండాలని, వేలంలో లక్షలు పోసేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

ఇంత పోసినా ఆ నంబరు కొన్నవాళ్ల సొత్తు కాదు. బ్రిటన్ చట్టం ప్రకారం వాళ్లకి ఉన్నది వాడుకునే హక్కు ఒక్కటే. ఇది తెలిసిన దగ్గర్నుంచి నాకా కాగితం మీద గౌరవం కలిగింది. ఇల్లూ పొలమూ, ఆఖరికి ఈ శరీరమూ మనవి కావని వేదాంతులు ఎంత చెప్పినా మనకి ఎక్కదు. వాళ్ల రవాణా గుమాస్తా మాత్రం గడువు తేదీ వేసి మరీ చేతిలో పెడుతున్నాడు.

సరే, ఎవరివీ కాని అంకెల్ని పదేళ్లపాటు అట్టేపెట్టుకోవడం న్యాయమేనా? బస్సులో రుమాలు పడ్డ సీటు పక్కన చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి నిలబడి ఉండొచ్చు. ఎప్పుడో వచ్చి ఉంటామని తాళం వేసుంచిన ఫ్లాటు వల్ల మరొకరికి అద్దె ఇల్లు కరువు కావచ్చు. నంబరు సంగతి అలాంటిది కాదు. అది ఖాళీగా ఉన్నందువల్ల కాళ్లు నొప్పిపుట్టేవాళ్లెవరూ లేరు. కనక ఇది లోకానికి చేసే అన్యాయమేమీ కాదు. చిక్కల్లా ఎవరికోసం దాచామన్న దగ్గరే వస్తుంది. రేటు పెరిగాక అమ్ముకుందామని దాచేవాడిది వ్యాపారం. కూతురికి పదిహేడేళ్లు నిండి కారు నడిపే వయసొస్తే ఇద్దామని దాచే తండ్రిది ఆశ. మరి పోయిన మనిషి నంబరు దాచుకున్న వాళ్ల సంగతి?

లెస్టర్‌లో ఉన్న ఒక పెద్దావిడని నేనెరుగుదును. తెనాలి వైపు మనిషి. భర్త అక్కడ డాక్టరుగా చేశారు. తన పేరులోని అక్షరాలున్న నంబరు ముచ్చటపడి కొనుక్కున్నారు. ఆయన పోయాక కారు అమ్మేసినా, నంబరు మాత్రం ఆవిడ తన పేర కాగితం మీద ఉంచుకుంది. ఆవిడకి కారు నడపడం రాదు. కొడుకేమో, "నా బండికి నాన్న పేరు తగిలించుకుని తిరగలేనమ్మా, అమ్మేద్దాం" అన్నాడట. గడువు దగ్గర పడింది. ఆవిడ నాకు ఫోను చేసి, "వాడు వద్దన్నది నంబరునా, వాళ్ల నాన్ననా? నువ్వే చెప్పు తల్లీ" అంది.

"నంబరునే పిన్నిగారూ" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడంలో తప్పూ లేదు. పేరు వేరు, మనిషి వేరు అని మనమెప్పుడనుకున్నాం గనక? తాత పోతే ఆ పేరుని మనవడి కోసం దాచే జాతి మనది.

కాని ఆ తాత పేరు విషయంలో మనవాళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. మామగారి పేరు పెట్టి కోడలు పిలవకూడదు కదా! అందుకని ఇంట్లో పిల్లవాడికి బుజ్జి అనో, చిన్నబ్బాయి అనో మరో పేరు పెడతారు. బడి రిజిస్టరులో తాత, వంటింట్లో బుజ్జి. కోడలి మర్యాద కోసం పుట్టిన ఆచారమే గాని, దానివల్ల ఆ పసివాడు తాతగారి కింద పడి నలిగిపోకుండా తనవాడుగా పెరిగే చోటు దొరికింది. వారసత్వమంటే అలా ఉండాలనిపిస్తుంది నాకు. వాడుకునే హక్కు ఇవ్వాలి. వాడి తీరాలన్న విధి ఇవ్వకూడదు.

"నీకోసమే దాచాన్రా" అన్న మాట వినడానికి ఎంత తియ్యగా ఉంటుందో, మొయ్యడానికి అంత బరువు. ఆ మాటకి ఇంక కొడుకు వద్దంటే కృతఘ్నుడు, సరేనంటే అబద్ధీకుడు. అదే తల్లి, "నాకోసం దాచుకున్నాను, నాకు కావాలి" అని చెప్పిందనుకోండి. అందులో సిగ్గుపడాల్సిందేముంది? అప్పుడు వాడికి కాదనాల్సిన పనే ఉండదు. భర్త పేరున్న ఒక్క కాగితాన్ని బీరువాలో పెట్టుకునే స్వాతంత్ర్యం ఆ వయసులో ఆవిడకి ఉండొద్దూ? కారు ఉంటేనే ఆ నంబరుకి అర్థం అన్నది రవాణా శాఖ లెక్క. ఆవిడ లెక్క వేరు.

ఆ మాటే ఆవిడతో అన్నాను. "గడువు పొడిగించుకోండి పిన్నిగారూ. కాని అబ్బాయి కోసం కాదు, మీకోసం."

కాసేపు ఊరుకుని, "మరి నా తరవాతో?" అంది.

"తరవాత వాళ్లు ఉంచుకుంటారో, ఇచ్చేస్తారో వాళ్లిష్టం."

"అంతేనంటావా?" అంది. ఆ గొంతులో నిష్ఠూరమూ ఉంది, కాస్త తేలికా ఉంది.