వెలుగును నిలువయు
చదువుడి: మత్తయి 25:1-13

1928లో పెంచిన భూమిశిస్తును నిరాకరించి, నెలల తరబడి చలింపక నిలిచిన రైతులను బట్టి బార్డోలీ పేరు దేశమంతట వినబడెను. ఆ పట్టణమందు నేడు ఒక గిడ్డంగిని తలంచుడి. పనివాని చేత బార్‌కోడ్ స్కానరు ఉన్నది. దానిలోని లిథియం అయాన్ బ్యాటరీ నిండినప్పుడు సుమారు 4.2 వోల్టులు చూపును. పిమ్మట చాలసేపు 3.7 దరిదాపున నిలకడగా ఉండి, తుదకు త్వరగా పడిపోవును. కావున కిరణము ప్రకాశించుచున్నంత మాత్రమున శక్తి మిగిలియున్నదనుకొనరాదు. లోనికి ఎంత వచ్చెనో, వెలుపలికి ఎంత పోయెనో లెక్కించు చిప్పు అందుకే అమర్చబడును. ఏండ్లు గడచిన బ్యాటరీ నూరు శాతము నిండినను క్రొత్తదానివలె దినమంతయు నిలువదు. వివేకియగు పర్యవేక్షకుడు పని మొదలుకాక మునుపే దానిని పరీక్షించును.

పదిమంది కన్యకల దివిటీలును మొదట వెలిగినవే. భేదము వెలుగులో కాదు, సిద్దెలలోని నూనెలో కలదు. ఆదివారపు ఆరాధనలో ప్రకాశించు విశ్వాసి యొక్క ప్రార్థన లోలోపల అడుగంటియుండవచ్చును. శోధన వచ్చిన రాత్రి పొరుగువాని నూనె అక్కరకు రాదు. ప్రియులారా, వెలుగును చూచి తృప్తిపడక, నేడే నిలువను చూచుకొనుడి.

ప్రార్థన: ప్రభువా, అర్ధరాత్రి రాక మునుపే మా కొరతను మాకు కనుపరచుము. ఆమేన్.