గడ్డ నిద్రలో ఉన్నప్పుడు



మే నెల వచ్చిందంటే మన ఇళ్ల ముందర కుండీల్లో ఒక ఎర్రని పువ్వు విచ్చుకుంటుంది. పిల్లలు ఆడుకునే బంతిలాగా గుండ్రంగా ఉంటుంది గనుక దానిని ఫుట్‌బాల్ లిల్లీ అంటారు, మేలో పూస్తుంది గనుక మే పువ్వు అని కూడా అంటారు. దాని పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. దూరం నుండి ఒకే పువ్వు, దగ్గరికి వెళ్లి చూస్తే ఒకే కాడ మీద పదుల కొద్దీ చిన్న చిన్న పువ్వులు. మరియమాత మాసంలో పూసే పువ్వు కదా అని మాత స్వరూపం ముందర పెట్టుకునే వారూ ఉన్నారు. వారం పది రోజుల ముచ్చట అది. దాని ఆకులు వానకాలమంతా పచ్చగా ఉండి, చలికాలంలో పసుపుబారి ఎండిపోతాయి. అక్కడి నుండి మళ్లీ ఎండలు ముదిరేదాకా కుండీలో మట్టి తప్ప ఏమీ కనబడదు.

ఆ మట్టి కుండీని మీరేం చేస్తున్నారు? ఈ వారం నేను అడగదలచింది ఇదే.

కొందరు మొక్క చచ్చిపోయిందనుకొని కుండీని పెంటకుప్ప మీద బోర్లిస్తారు. ఇంకొందరు జాలిగుండె గలవారు. పాపం, ఎండిపోయిందే అని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు పోస్తారు. చిత్రమేమిటంటే, మొదటివారు పారేసిన గడ్డ ఒక్కొక్కసారి ఆ పెంటకుప్ప మీదనే బతికి తొలకరికి మొలకెత్తుతుంది. రెండవవారి గడ్డ కుండీలోనే కుళ్లిపోతుంది. జాలి పడినవారికే నష్టం జరగడం న్యాయమా అని మీరు అడగవచ్చు. గడ్డకు మన జాలి తెలియదు, తడి ఒక్కటే తెలుసు.

ఒక ఉల్లిగడ్డను నిలువునా కోసి చూడండి, సంగతి అర్థమవుతుంది. పొర మీద పొరగా ఉన్నదంతా దాచుకున్న ఆహారం. అడుగున వేర్లు పుట్టే గట్టి చెక్కు, నడుమ రాబోయే మొలక. లిల్లీ గడ్డలూ అంతే. ఆకులు పచ్చగా ఉన్నంత కాలం ఎండలో వండి కిందికి పంపిన ఆహారమే మరుసటి ఏటి పువ్వు. అందుకే పూత అయిపోయింది, ఇక అందమేముంది అని పచ్చి ఆకులు కోసేయకూడదు. అవి వాటంతట అవి పండి రాలాలి. ఆకులు పోయిన తరువాత గడ్డకు నీళ్లు తాగే పనే ఉండదు. తడిసిన మట్టిలో గాలి ఆడక బూజు పడుతుంది. జగిత్యాలలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజులున్నాయి, మనుషులం అల్లాడిపోతాం. నీడన పొడి మట్టిలో పడుకున్న గడ్డకు మాత్రం ఆ వేడి కంటె మన చెంబు నీళ్లే ఎక్కువ ప్రమాదం.

అయితే, వదిలేయడమే ప్రేమా? ఇక్కడే చిక్కు ఉన్నది. కుండీ విషయంలో ఇది చిన్న ప్రశ్న, కుటుంబాలలో చాలా పెద్ద ప్రశ్న.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు అరుదు. కొడుకు దుబాయికో మస్కట్‌కో పోతాడు. మొదట్లో రోజూ ఫోన్ చేస్తాడు, తరువాత వారానికోసారి, ఆ తరువాత మనం చేస్తేనే పలుకుతాడు. "మంచిగనే ఉన్ననమ్మా" అని పెట్టేస్తాడు. పన్నెండు గంటల పని చేసి అలసిపోయాడా? జీతం ఆగిపోయి, పోవడానికి చేసిన అప్పు మీద మిత్తి పెరుగుతుంటే చెప్పలేక దాస్తున్నాడా? తల్లి రోజుకు పదిసార్లు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడిగితే అతడు మరింత ముడుచుకుపోతాడు. అట్లాగని "చెప్పాలనుకుంటే వాడే చెబుతాడులే" అని ఊరుకుంటే? ఆ మాట ఒక్కోసారి గౌరవంతో అంటాం. ఎక్కువసార్లు మాత్రం మనకు శ్రమ తప్పిందని అంటాం. మన సోమరితనానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకోవడం సులువు. ఇంటర్ తప్పి గదిలో కూర్చున్న పిల్లవాని విషయంలోనూ మనం చేసేది ఇదే.

దీనికి జవాబు నాకు కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతుల పనిలో కనిపిస్తుంది. (పసుపు ధర గురించి రాయబోవడం లేదు. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ధరల మాట వారూ వీరూ మాట్లాడుకుంటారు.) పసుపు కూడా గడ్డే. జూన్‌లో పెట్టిన పసుపు ఏడెనిమిది నెలల తరువాత ఆకులు ఎండితే తవ్వుతారు. అమ్మేది ఉడకబెట్టి ఆరబోస్తారు. విత్తనానికని తీసినదానిని ఉడకబెట్టరు, వెంటనే నాటరు. చెట్టు నీడన కుప్పపోసి పసుపు ఆకులే కప్పి ఉంచుతారు. తొలకరిదాకా ఆ కుప్పకు నీళ్లు పోయరు. కాని మరచిపోరు కూడా. కుప్పలో వేడి పుట్టిందా, ఎక్కడైనా కుళ్లు మొదలైందా అని చూసుకుంటారు, పాడైనవి ఏరి పారేస్తారు. చేయి పెట్టి నొక్కితే తెలిసిపోతుంది. గట్టిగా ఉంటే గడ్డ నిద్రలో ఉన్నట్టు, మెత్తగా దిగబడితే కుళ్లుతున్నట్టు. పైనుండి చూస్తే రెండూ ఒకేలాగా, కదలక మెదలక ఉంటాయి. కంటితో తేడా తెలియదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో అంజూరపు చెట్టు ఉపమానం మీకు తెలిసినదే. మూడేళ్లు కాయని చెట్టును యజమాని నరకమంటే, తోటమాలి ఈ ఏడు కూడా ఉండనీయమని వేడుకుంటాడు. మనం సాధారణంగా అక్కడే ఆగి, దేవుని ఓర్పు ఎంత గొప్పదో అనుకుంటాం. తరువాతి మాట గమనించండి. చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని కూడా అతడు అంటాడు. ఉండనీయమని అడిగినవాడే పార పట్టుకున్నాడు. గడువు అడిగి ఇంటికి పోయి పడుకోలేదు.

సిరిసిల్ల సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పుడు అక్కడి మరమగ్గాలకు కొన్నేళ్లు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ పథకం ఆగినప్పుడు చాలా మగ్గాలు మూగబోయాయి. అంతకు ముందు కూడా ఆ ఊరు నేతన్నల ఆత్మహత్యలతో పత్రికలకెక్కిన ఊరే. పని లేని మగవాడు అరుగు మీద మౌనంగా కూర్చుంటే, "పాపం, కదిలించకండి" అని పక్కకు తప్పుకుంటాం. అది నిద్రో, కుళ్లో చేయి వేయకుండా తెలుసుకునే మార్గం లేదు. చేయి వేయడమంటే ఉపదేశం కాదు, అప్పెంత అని ఆరా తీయడమూ కాదు. "అన్నా, చాయ్ తాగుదాం రా" అని కూర్చోవడం, అన్నం సరిగా తింటున్నాడా, రాత్రి నిద్ర పడుతోందా అని చూడడం. బతకడం దండగ అనే మాట అతని నోట వినబడితే ఇక ఆగకూడదు, ఒంటరిగా వదలకూడదు, డాక్టరు దగ్గరికి వెంట పోవాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే సహాయ ఫోను ఉన్నది, నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును గుడి నోటీసు బోర్డు మీద రాసి పెడితే బాగుంటుందని మన గురువులకు నా మనవి.

మళ్లీ కుండీ దగ్గరికి వద్దాం. ఆకులు రాలగానే గడ్డ ఎక్కడుందో ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి, లేకపోతే మీరే దాని మీద ఇంకొక మొక్క నాటేస్తారు. వాన పడని చోటికి జరపండి. నెలకొకసారి పై మట్టి కొంచెం తొలగించి వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే మట్టి కప్పేసి మీ పని మీరు చూసుకోండి. ఒక పక్క మెత్తబడి ఉంటే వెంటనే పారేయకండి. బయటికి తీసి, కుళ్లిన మేరకు శుభ్రమైన కత్తితో కోసి, నీడన రెండు మూడు రోజులు ఆరనిచ్చి, కొత్త పొడి మట్టిలో పెట్టండి. అడుగున ఆ గట్టి చెక్కు చెడకుండా ఉంటే చాలావరకు బతుకుతుంది. ఆ ఏడు పువ్వు రాకపోవచ్చు, ఆకులు మాత్రమే రావచ్చు. వాటిని కోయకండి.